ఎ.సి.పి. అంటే ఏమిటన్నా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టలు నుంచి కబురు వచ్చినప్పుడల్లా మేము పాత సంగతులే రాస్తుంటాం. తెల్లవారుజామున స్టడీ అవర్ గంట, తాళం సరిగా పడని ట్రంకు పెట్టెలు, నీళ్ల సాంబారు, గోదారి పొంగితే లంకల్లో ఇళ్లకు పడవల మీద వెళ్లడం – ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు. మాకంటే బాగా రాశారు. అందుకని ఈసారి మేము ఆరుగురం, ఒకే బ్యాచ్ వాళ్లం, ఒకచోట కూర్చుని వేరే విషయం ఎత్తుకున్నాం. అది మూడు ఇంగ్లీషు అక్షరాల సంగతి. చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందనే నమ్మకంతో రాస్తున్నాం.

కిందటేడు వార్షికోత్సవం రోజు రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. మన హాస్టల్లోనే చదువుకుని, ఇప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు నోట్సు పట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. "అన్నా, ఎ.సి.పి. అంటే ఏమిటన్నా? పాఠమంతా ఎ.సి.పి., ఎ.సి.పి. అని ఉంది. మాకు తెలిసిన ఎ.సి.పి. సినిమాల్లో పోలీసాయనే" అన్నాడు.

మాలో ఒకరు విశాఖపట్నంలో హెడ్ కానిస్టేబులు. "అదేరా, అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ పోలీస్. మన అమలాపురంలో డి.ఎస్.పి. గారు ఎంతో, కమిషనరేటు ఉన్న విశాఖలో, విజయవాడలో ఎ.సి.పి. గారు అంత" అన్నాడు. రైల్వేలో పనిచేసే ఇంకొకరు ఒప్పుకోలేదు. వాళ్ల లెక్కలో ఎ.సి.పి. అంటే అష్యూర్డ్ కెరీర్ ప్రోగ్రెషన్. ప్రమోషను రాక ఒకే పోస్టులో ఏళ్ల తరబడి ఉండిపోయిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పై స్కేలు ఇవ్వడానికి 1999లో వచ్చిన పథకం. 2008లో దాన్ని మార్చి ముందు ఇంకో 'ఎం' అక్షరం తగిలించారు. దోహాలో పన్నెండేళ్లు చేసి వచ్చిన మూడోవాడికి ఎ.సి.పి. అంటే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. షాపుల ముందు, ఆసుపత్రుల ముందు మెరుస్తూ కనబడే రేకు. "ఆ షీట్లు బిగించీ బిగించీ నా చేతులు కాయలు కాశాయి" అన్నాడు.

సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన నాలుగో ఆయన అప్పటిదాకా నవ్వుతూ విన్నాడు. "మాకైతే అది తూటా పేరు. ఆటోమాటిక్ కోల్ట్ పిస్టల్" అన్నాడు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే అయిదో ఆయన మాత్రం నోట్సు చేతిలోకి తీసుకుని పేజీ చూశాడు. చూశాక, "వీడి ఎ.సి.పి. వేరు. ఎసైల్ క్యారియర్ ప్రోటీన్. కణంలో ఉండేది" అన్నాడు. జవాబు తెలిసినవాళ్లం అయిదుగురం, జవాబులూ అయిదు. ఆ అయిదూ సరైనవే. అయితే ఆ తమ్ముడికి కావలసింది వాటిలో ఒక్కటే. పేజీ చూసి చెప్పినవాడికే అది దొరికింది.

ఆ రాత్రి మాటల్లో తేలినవి రెండు ఎ.సి.పి.ల కథలు. ఒకటి తుపాకీది, ఒకటి కణానిది.

మొదట తుపాకీది చెబుతాం. జాన్ మోజెస్ బ్రౌనింగ్ అని అమెరికాలో ఒకాయన ఉండేవాడు. 1855లో పుట్టాడు. తండ్రి తుపాకులు బాగుచేసే పనివాడు. ఆ దుకాణంలోనే పని నేర్చుకుని ఈయన ప్రపంచంలో పేరున్న ఆయుధ రూపకర్త అయ్యాడు. ఆయన తయారుచేసిన పిస్టళ్లను అమెరికాలో కోల్ట్ కంపెనీ అమ్మింది. వాటికి సరిపడే తూటాలకే ఎ.సి.పి. అని పేరు వచ్చింది. ముందుండే అంకె గొట్టం కొలతకు గుర్తు. పాయింట్ 45 అంటే 0.45 అంగుళం, సుమారు 11 మిల్లీమీటర్లు. ఈ పాయింట్ 45 ఎ.సి.పి. తూటా వేసే పిస్టలును 1911లో అమెరికా సైన్యం తీసుకుంది. 1985లో వేరే పిస్టలు వచ్చేదాకా అదే వాళ్ల ప్రధాన పిస్టలు. దీనికంటే చిన్నదైన పాయింట్ 32 ఎ.సి.పి. తూటాను ఆయన 1899 ప్రాంతంలోనే రూపొందించాడు. మన దేశంలో లైసెన్సు ఉన్న పౌరుల కోసం ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే పాయింట్ 32 పిస్టలు ఈ కొలతదే. మన సైనికులు వాడిన 9 మిల్లీమీటర్ల పిస్టలు మూలం కూడా బ్రౌనింగ్ మొదలుపెట్టిన నమూనాయే. 1926లో ఆయన చనిపోయాక బెల్జియంలో దాన్ని పూర్తిచేశారు.

ఇక్కడ హవల్దారు అన్న ఒక మంచి మాట చెప్పాడు. పూర్తి పేరు తెలిసినంత మాత్రాన పని అయిపోదట. 'ఆటోమాటిక్' అన్నారు కదా అని మీట నొక్కి పట్టుకుంటే తూటాలు వానలా కురుస్తాయనుకుంటాం. ఆ పిస్టలు అలా పేలదు. ఒకసారి మీట నొక్కితే ఒకటే పేలుతుంది. పేలిన విసురుకు పైనున్న స్లైడు వెనక్కి జరిగి, ఖాళీ గొట్టాన్ని బయటకు విసిరేసి, ముందుకు వచ్చేటప్పుడు కొత్త తూటాను తానే ఎక్కించుకుంటుంది. అంటే నింపుకోవడం వరకే ఆటోమాటిక్. పూర్తి పేరు తెలుసుకున్నాక, ఆ పేరు ఏ అర్థంలో పెట్టారో కూడా అడగాలన్నమాట.

ఇక రెండో ఎ.సి.పి. దీని కోసం అమెరికా వెళ్లనక్కర లేదు. అంబాజీపేటలో ఏ కొబ్బరికాయ కొట్టినా ఇది పనిచేసిన గుర్తు కనబడుతుంది.

కొబ్బరికాయ లేతగా ఉన్నప్పుడు లోపల నీళ్లే ఉంటాయి. తర్వాత చిప్పకు అంటుకుని మీగడ పడుతుంది. ముదిరేకొద్దీ అది గట్టిపడి తెల్లని కొబ్బరి అవుతుంది. ఆ తెల్లని భాగంలోని కణాలే నూనె తయారుచేసి దాచుకుంటాయి. నూనె అంటే ప్రధానంగా కొవ్వు ఆమ్లాలు. కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ అణువుల గొలుసు. ఆ గొలుసు ఒక్కసారిగా తయారు కాదు. రెండేసి కార్బన్ల చొప్పున అతుక్కుంటూ పెరుగుతుంది. పెరుగుతున్నంతసేపూ దాన్ని ఎవరో ఒకరు పట్టుకుని, ఒక ఎంజైము దగ్గర నుంచి ఇంకో ఎంజైము దగ్గరకు మోసుకెళ్లాలి. ఆ మోసే పని చేసేదే ఎసైల్ క్యారియర్ ప్రోటీన్. ఎసైల్ అంటే ఆ గొలుసు ముక్క. క్యారియర్ అంటే మోసేది.

ఇది చాలా చిన్న ప్రోటీన్. ఈ.కోలై అనే సూక్ష్మజీవిలో దీనికి ఉన్నవి 77 ఎమైనో ఆమ్లాలే. 1960లలో రాయ్ వాగెలోస్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు దీని మీద ముఖ్యమైన పని చేశారు. దీనికి ఒక పొడుగాటి చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి తయారయ్యేది బి5 విటమిన్ నుంచి. చెయ్యి చివర గంధకం అణువు. గొలుసు వేలాడేది ఆ గంధకానికే. మామూలుగా ఈ గొలుసు 16 కార్బన్ల దాకా పెరుగుతుంది. చాలా మొక్కల్లో 18 దాకా కూడా వెళుతుంది. వేరుశనగ నూనెలో ఎక్కువ భాగం ఇలా 18 కార్బన్లవే. కొబ్బరిలో మాత్రం ఒక ప్రత్యేకమైన ఎంజైము ఉంది. 12 కార్బన్లు రాగానే అది గొలుసును ఎ.సి.పి. చేతి నుంచి తెంపేస్తుంది. అలా తెగిన 12 కార్బన్ల ముక్కే లారిక్ ఆమ్లం. కొబ్బరినూనెలో సుమారు సగం అదే. కొబ్బరినూనె సబ్బు బాగా నురగ రావడానికి కారణం అది. సంక్రాంతి చలికి సీసాలో నూనె పేరుకుపోతుంది కదా, దానికి ఈ గొలుసులు నిండుగా ఉండటమే కారణం. సుమారు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది.

జీవశాస్త్రం అన్న ఇదంతా చెప్పాక మా ఆరోవాడు మొదటిసారి నోరు విప్పాడు. వాడు అంబాజీపేటలో ఒక కొబ్బరి షెడ్డులో పనిచేస్తాడు. "అయితే నేను ముప్పై ఏళ్లుగా ఆ ఎ.సి.పి. కట్టిన సరుకే మోస్తున్నానన్నమాట. మోసేవాడి సరుకును మోసేవాణ్ణి" అన్నాడు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

ఇంతకీ ఈ రెండు ఎ.సి.పి.లకు చుట్టరికం ఏమిటి? ఏమీ లేదు. తూటాకు పేరు పెట్టినవాళ్లకు ఆ ప్రోటీన్ సంగతి తెలియదు. ప్రోటీనుకు పేరు పెట్టినవాళ్లకు తూటాతో పని లేదు. ఇంగ్లీషులో ఉన్నవి 26 అక్షరాలు. మూడేసి చొప్పున ఎన్ని రకాలుగా పేర్చినా 17,576 కూర్పులే వస్తాయి. ప్రపంచంలో పేరు కావలసిన వస్తువులు, పదవులు, పథకాలు, ప్రోటీన్లు లక్షల్లో ఉన్నాయి. ఒకే కూర్పును పదిమంది వాడుకోక తప్పదు. ఒకే ఊళ్లో సత్యనారాయణలు పదిమంది ఉన్నట్టే. ఎవరి కోసం వచ్చామో తెలియాలంటే ఇంటిపేరు చెప్పాలి.

ఇలాంటి జంటలు వెతికితే చాలా దొరుకుతాయి. ఎ.కె. 47 పేరు తెలియనివాళ్లు లేరు. అందులో 'ఎ' అంటే అవ్తమాత్, 'కె' అంటే కలష్నికోవ్, 47 అంటే 1947వ సంవత్సరం. రష్యా వాడైన మిహయీల్ కలష్నికోవ్ దాని రూపకర్త. కణశాస్త్రంలో ఎ.కె. అంటే అడినిలేట్ కైనేజ్ అనే ఎంజైము. కండరం కష్టపడి ఎ.టి.పి. తగ్గిపోతున్నప్పుడు, వాడేసిన రెండు ఎ.డి.పి.లను తీసుకుని ఒక ఎ.టి.పి.ని తిరిగి తయారుచేసి పెడుతుంది. రెండోది ఎ.ఎం.పి.గా మిగులుతుంది. దింపు కార్మికుడు రోజుకు పదుల సంఖ్యలో చెట్లు ఎక్కుతుంటే అతని పిక్కల్లో పనిచేసే ఎ.కె. ఇదే. ఒక ఎ.కె. ప్రాణం తీసేది, ఇంకో ఎ.కె. ప్రాణం నిలిపేది. ఎన్.సి.సి. కూడా అంతే. మనలో చాలామందికి అది ఖాకీ బట్టలు, క్యాంపులో పాయింట్ 22 రైఫిలు, ఫైరింగ్ అయ్యాక ఇచ్చే టిఫిను. కణశాస్త్రంలో ఎన్.సి.సి. అంటే న్యూరల్ క్రెస్ట్ సెల్స్. పిండంలో వీపు వైపు పుట్టి, ఎక్కడెక్కడికో వెళ్లి స్థిరపడి, ఒంటి రంగునిచ్చే కణాలుగా, ముఖంలో ఎముకలుగా, నరాలుగా మారేవి. మన ఎ.పి. కూడా తుపాకీ వాళ్లకు ఆర్మర్ పియర్సింగ్, అంటే కవచాన్ని చీల్చే గుండు. జీవశాస్త్రంలో నరం మీద పరిగెత్తే యాక్షన్ పొటెన్షియల్.

వినడానికి ఇదంతా సరదాగానే ఉంటుంది. కానీ మా ఆరోవాడి చదువు ఆగింది ఇలాంటి అక్షరాల దగ్గరే. అది ఆ రాత్రే మాకు తెలిసింది.

పదో తరగతి దాకా మేమంతా తెలుగు మీడియం. మాకూ పొడి అక్షరాలు ఉండేవి. క.సా.గు. అనగానే కనిష్ఠ సామాన్య గుణిజం, గ.సా.భా. అనగానే గరిష్ఠ సామాన్య భాజకం అని తడుముకోకుండా చెప్పేవాళ్లం. ఆ పేరులోనే లెక్క ఎలా చెయ్యాలో సగం ఉంది. గుణిజం కావాలా, భాజకం కావాలా, పెద్దదా, చిన్నదా అన్నీ అందులోనే ఉన్నాయి. మా బ్యాచ్‌లో ఆ లెక్కలు నోటితో చేసేవాడు ఇతనొక్కడే. ఇంటర్మీడియెట్లో ఒక కాలేజీలో చేరాడు. ఒక్కసారిగా ఎల్.సి.ఎం., హెచ్.సి.ఎఫ్., ఎల్.హెచ్.ఎస్., ఆర్.హెచ్.ఎస్. అని పాఠం పరిగెత్తింది. అవన్నీ తనకు వచ్చినవే అని వాడికి చెప్పినవాళ్లు లేరు. ఒకరోజు లేచి నిలబడి ఎల్.హెచ్.ఎస్. అంటే ఏమిటండీ అని అడిగాడట. క్లాసంతా నవ్వింది. చెప్పవలసిన ఆయన కూడా నవ్వి, జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లిపోయాడట. ఎడమ వైపు, కుడి వైపు అని రెండు మాటలు చెబితే అయిపోయేది. దీపావళి సెలవులకు ఇంటికి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. ఇంట్లో ఇబ్బంది వల్ల మానేశాడనే అందరం ఇన్నాళ్లూ అనుకున్నాం. "లెక్క రాక కాదురా. ఆ అక్షరాలు తెలవక" అన్నాడు ఆ రాత్రి. వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నోట్సు పట్టుకుని వచ్చిన తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు.

పొడి అక్షరాలు తెలిసినవాళ్ల మధ్య అవి సమయం మిగులుస్తాయి. తెలియనివాడి ముందు అవే తలుపు మూసినట్టు ఉంటాయి. తలుపు అవతల ఏముందో చూస్తే, చాలాసార్లు మనకు తెలిసినదే ఉంటుంది.

మన మీద కూడా అక్షరాలు అంటించి ఉంటాయి. ఎస్.సి., ఎస్.టి., బి.సి. ఊళ్లో మన హాస్టలును చాలామంది ఎస్.సి. హాస్టల్ అనే అంటారు. అడ్మిషన్ ఫారంలో, స్కాలర్‌షిప్ ఫారంలో ఆ గడి నింపుతూ పెరిగాం. ఆ అక్షరాలను కొందరు ఎలా పలుకుతారో, ఎక్కడ గొంతు తగ్గిస్తారో మీకు మేము చెప్పనక్కర లేదు. వాటికీ పూర్తి పేరు అడగండి. షెడ్యూల్డ్ కాస్ట్స్. షెడ్యూలు అంటే జాబితా. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో ఆ మాట వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలోని 341వ అధికరణం కింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆ జాబితా ప్రకటించారు. అంటే ఆ రెండు అక్షరాలు మన తెలివి గురించి గానీ మన నడవడి గురించి గానీ ఏమీ చెప్పవు. తరతరాల అన్యాయానికి బదులుగా ఈ దేశం రాసిచ్చిన హక్కుల జాబితాలో మన పేరుందని చెబుతాయి. అంతవరకే వాటి అర్థం. కణశాస్త్రం పుస్తకంలో ఎస్.సి. అని రాస్తే స్టెమ్ సెల్, ఇంకా వేరే రకాల కణాలుగా మారగల మూలకణం. తుపాకుల పుస్తకంలో బి.సి. అంటే బాలిస్టిక్ కోఎఫిషియెంట్, గాలి ఎంత అడ్డుపడినా గుండు తన వేగాన్ని ఎంతవరకు నిలబెట్టుకుంటుందో చెప్పే సంఖ్య. ఈ సంగతి విని చిన్న తరగతుల పిల్లలు ఎంత సంబరపడ్డారో చెప్పలేం.

మన జిల్లా సంగతి కూడా చూడండి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు మార్చే ప్రకటన వచ్చాక మే 24న అమలాపురం ఎలా ఉందో మనమంతా చూశాం. ఆ ఏడాదే ఆ పేరు ఖరారైంది. పలకడానికి పొడుగని కొందరు సగమే పలుకుతారు. మీరు మాత్రం అడ్రసు రాసేటప్పుడు మొత్తం రాయండి. ఆ 'బి.ఆర్.' అంటే భీమ్‌రావ్ రామ్‌జీ అనీ, రామ్‌జీ ఆయన తండ్రి పేరనీ తెలుసుకుని రాయండి. అమలాపురం ఎస్.కె.బి.ఆర్. కాలేజీలో చదివేవాళ్లు శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ అని పూర్తి పేరు ఒక్కసారి పలికి చూడండి. కుదించిన ప్రతి పేరులోనూ ఎవరో ఒకరు దాగి ఉంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పొడి అక్షరాలు ఎదురైతే మూడు ప్రశ్నలు అడగండి. దీని పూర్తి పేరు ఏమిటి? ఇది ఏ విషయంలో మాట? అక్కడ ఇది చేసే పని ఏమిటి? మొదటిది మాత్రమే అడిగితే తూటా దగ్గరకో, రేకు దగ్గరకో వెళ్లిపోతాం. మూడూ అడిగితే మన పాఠం దగ్గరకు వస్తాం. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నవ్వినవాళ్లలో సగంమందికి ఆ పూర్తి పేరు తెలియదని మా అనుభవం.

ఈ ఏడాది మా బ్యాచ్ తరఫున స్టడీ హాల్లో ఒక పెద్ద రిజిస్టరు పెడుతున్నాం. దాని మీద 'పూర్తి పేర్లు' అని రాయించాం. క్లాసులో తెలియని అక్షరాలు ఏవి వినబడినా ఎడమ గడిలో రాయండి. తెలిసినవాళ్లు కుడి గడిలో పూర్తి పేరు, ఏ విషయమో, అది చేసే పని, అన్నీ తెలుగులో రాయండి. మీలో ఎవరికీ తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. నెలకోసారి జీవశాస్త్రం అన్న వచ్చి పూరిస్తాడు. మొదటి పేజీలో మొదటి వరుస మా ఆరోవాడే రాశాడు. ఎడమ గడిలో ఎల్.హెచ్.ఎస్. అని రాసి, కుడి గడిలో 'సమీకరణంలో ఎడమ పక్కన ఉండేది' అని రాశాడు. రెండో వరుస మీది.

హాస్టలు పిల్లలందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థులం, ఆరుగురం.